గుడారంలో కలెక్టరు: మన్రో రైత్వారీని మేడిపల్లి నుంచి చూస్తే

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయం వెళ్లినవాళ్లకు, బృందావనం ముందు నిలబడి రాఘవేంద్రస్వామితో మాట్లాడిన దొర కథ ఇప్పటికీ చెబుతారు. కడప జిల్లా గండి దగ్గర పాపాఘ్ని నదికి అడ్డంగా బంగారు తోరణాన్ని కళ్లారా చూసిన దొర కూడా ఆయనే అంటారు. ఆ తోరణం కనిపించినవాళ్లు ఎక్కువకాలం బతకరన్న నమ్మకం ఆ కథకు తోడు. తిరుమలలో శ్రీవారి నైవేద్యానికి మన్రో గంగాళం పేరు నిలిచింది. శిస్తు వసూలు చేయడానికి వచ్చిన ఒక కంపెనీ సైనికుడికి ఇన్ని గుళ్లలో, ఇన్ని ఇళ్లలో చోటెలా దొరికింది? సర్ థామస్ మన్రో పత్తికొండలో కన్నుమూసి 2027 జులైకి రెండు వందల ఏళ్లు నిండుతాయి. ఆ సందర్భానికి పొగడ్తల వ్యాసాలు ఎలాగూ వస్తాయి. అంతకుముందే ఆయన చేసిన పనినీ, దానిమీద ఇంతవరకు జరిగిన చర్చనూ ఒకసారి కూడగట్టి చూడాలని ఈ వ్యాసం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మన్రో పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. మాది అప్పట్లో నిజాం ఏలుబడి. ఆయన గుర్రం ఈ పొలిమేరల్లో తిరగలేదు. కానీ మా జగిత్యాల వైపు మేడిపల్లిలో వరి, పసుపు, మక్క వేసే ఏ రైతు ఇంట్లోనైనా పెట్టె తెరిస్తే పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, ఒక మనిషి పేరు, ఆ మనిషికీ ప్రభుత్వానికీ నేరుగా లెక్క. రైత్వారీ అనే ఈ ఏర్పాటుకు దక్షిణాదిలో పునాది వేసిన నలుగురైదుగురిలో మన్రో ముఖ్యుడు. అందుకే ఆయనను రాయలసీమ వాళ్ల కళ్లతోనే చూస్తే సరిపోదు. మన్రో అడుగుపెట్టని నేల నుంచి చూసినప్పుడు ఆ పనిలోని బలమూ బలహీనతా ఇంకా స్పష్టంగా కనబడతాయని నా నమ్మకం.

మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. చదువుకున్న కొడుకు పొట్టకూటికి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అదే ఏడు హైదర్ అలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. వచ్చీరాగానే యుద్ధం. ఆ తర్వాత హిందుస్తానీ, పారశీకం నేర్చుకున్నాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద వేగు సమాచారం సేకరించే విభాగంలో పనిచేశాడు. 1790 నుంచి 1792 దాకా టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో ఉన్నాడు.

సైనికుడు పాలకుడిగా మారిన మలుపు ఇక్కడే ఉంది. టిప్పు ఓడి బారామహల్‌ను వదులుకున్నాడు. ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి, సేలం ప్రాంతం అది. తెలుగువాళ్లు ఈనాటికీ అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ సీమను ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ మద్రాసు సివిల్ ఉద్యోగులను పక్కనపెట్టాడు. వాళ్లకు దేశభాషలు రావు, వాళ్ల చేతులు శుభ్రంగా లేవన్నది ఆయన అభిప్రాయం. భాష తెలిసిన సైనికులు రీడ్, అతని సహాయకులు మన్రో, మెక్లియాడ్, గ్రాహం ఆ పనికి కుదిరారు. 1792 నుంచి 1799 వరకు మన్రో అక్కడే పల్లె పల్లె తిరిగాడు. కత్తి పట్టిన చేతికి గొలుసు కొలత వచ్చింది ఈ ఏడేళ్లలోనే.

రైత్వారీని మన్రో కనిపెట్టాడని బడిపుస్తకాల్లో చదువుకున్నాం. అది పూర్తి నిజం కాదు. బారామహల్‌లో టిప్పు అప్పటికే మధ్య పెత్తందార్లను చాలావరకు తొలగించి ఉద్యోగుల చేత నేరుగా శిస్తు వసూలు చేయించాడు. రీడ్, మన్రోలు దిగిన నేల అలా చదునై ఉంది. రీడ్ మొదలుపెట్టిన పద్ధతికి మన్రో వాదనను సమకూర్చాడు. శత్రువు దగ్గర నేర్చుకున్న పాఠాన్ని కంపెనీకి పనికొచ్చేలా దిద్దాడు. చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1989లో అచ్చయిన మన్రో జీవిత గ్రంథంలో ఈ సంగతిని గట్టిగా నిలబెట్టాడు. రైత్వారీ రైతు మీద జాలితో మాత్రమే పుట్టలేదని, మధ్యలో ఆయుధం పట్టగల ప్రతివాడినీ తొలగించి రాజ్యాన్ని ఊరి గడపదాకా తీసుకెళ్లే రాజకీయ ఎత్తుగడ అని ఆయన వాదన. నాకు ఇది నూటికి ఎనభై పాళ్లు ఒప్పుదల. మిగిలిన ఇరవై పాళ్లకు కారణం తర్వాత చెబుతాను.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. మైసూరు పంపకాల కమిషన్‌కు మన్రో, జాన్ మాల్కం కార్యదర్శులు. ఆ తర్వాత కొంతకాలం కెనరాలో పని. ఆపై తెలుగు నేల రాత మార్చిన ఒప్పందం వచ్చింది. మైసూరు యుద్ధాల వల్ల తనకు దక్కిన భూభాగాలను నిజాం 1800 అక్టోబరు 12న కంపెనీకి ఇచ్చేశాడు. హైదరాబాదులో ఉంచే కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇచ్చిన సీమ అది. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో చాలా భాగం ఇందులోకి వస్తుంది. ఆ సీమకు దత్త మండలాలన్న పేరు పడింది. అది నచ్చకనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు.

ఆ ఒక్క సంతకంతో తెలుగు రైతు మూడు రకాల పాలనల కింద చీలిపోయాడు. ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి శాశ్వత శిస్తు పద్ధతి వచ్చి జమీందారు నిలబడ్డాడు. దత్త మండలాల్లో మన్రో వచ్చాడు. తెలంగాణలో నిజాం ఆశ్రితులు, జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, గుత్తేదార్లు మిగిలారు. ఇవాళ మూడు ప్రాంతాల మధ్య మనం చూసే ఎన్నో తేడాలకు వేర్లు ఇక్కడున్నాయి. మన రాజకీయ చర్చల్లో నీళ్ల గురించి, నిధుల గురించి మాట్లాడినంతగా ఈ శిస్తు చరిత్ర గురించి మాట్లాడకపోవడం పెద్ద లోటు.

మన్రో ముఖ్య కలెక్టరుగా వచ్చేనాటికి దత్త మండలాల్లో 80 మంది దాకా పాలెగాళ్లు ఉన్నారు. కోటలు, బంట్లు, ఊళ్ల మీద కావలి హక్కులు వాళ్లవి. మన్రో వాళ్లను లొంగదీసిన తీరు అచ్చంగా సైనికుడిది. కొందరిని తరిమాడు, కొందరి ఆదాయాన్ని పెంచిన పేష్కష్ (కప్పం)తో పిండేశాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ కఠినత్వాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. రైతు పక్షపాతి అన్న పేరు వెనుక ఈ ముఖం ఉంది. పాలెగాళ్లు మంచివాళ్లని నేను అనడం లేదు. వాళ్ల కింద నలిగిన ఊళ్లు చాలా ఉన్నాయి. కానీ వాళ్లతోపాటు ఊరి రక్షణ, ఊరి పంచాయితీ, చెరువు మరమ్మతు లాంటి పనులు చేసే స్థానిక బలం కూడా పోయింది. నొస్సం పాలెగాడి వంశానికి బంధువైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో రగిలింది. పింఛను, మాన్యాల కట్టుబడుల గొడవ అందులో ముఖ్య కారణం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. మన్రో నాటిన విత్తనం ఇదని అనలేం గానీ, మన్రో తవ్విన గుంటలోనే ఆ నిప్పు రాజుకుంది.

ఇక శిస్తు సంగతి. దత్త మండలాల్లో మన్రో గుడారంలోనే కాపురం పెట్టాడు. ఏడాదిలో ఎక్కువ భాగం ఊరి బయట చెట్టు కింద గుడారం, ముందు రైతులు, కరణాలు, రెడ్లు, కొలత గొలుసులు. ప్రతి పొలం కొలిపించడం, నేల రకం చూడడం, దాని మీద శిస్తు నిర్ణయించడం, ఏటా జమాబందీలో ఎవరెంత సాగు చేశారో లెక్క తేల్చడం. రైతు ఇష్టమైతే పొలం ఉంచుకోవచ్చు, లేకపోతే వదులుకోవచ్చు. ఊరి లెక్క మీద అనుమానం వస్తే రైతు నేరుగా దొర ముందుకే వచ్చి చెప్పుకోవచ్చు. రెండొందల ఏళ్ల తర్వాతా గుర్తుండిపోయిన మన్రో ఈ గుడారంలోని మన్రోనే. ఇనాముల విచారణకు మంత్రాలయం వెళ్లాడన్న కథ కూడా ఈ తిరుగుడు నుంచే పుట్టింది. మఠం మాన్యం రద్దుకాకుండా నిలిచింది, దానికి జనం తమ భాషలో కారణం చెప్పుకున్నారు. ఎదురుగా వచ్చి కూర్చున్న అధికారిని ప్రజలు ఎంతగా మన్నిస్తారో ఆ కథ చెబుతుంది.

గుడారం ఎంత గొప్పదైనా శిస్తు రేటు మాత్రం దారుణమే. సర్వే లెక్క ప్రకారం నిర్ణయించిన శిస్తు మొత్తం పంటలో దాదాపు 45 శాతం. పండినదాంట్లో దాదాపు సగం రాజ్యానికి పోతే విత్తనం, ఎద్దు, ఎరువు, కడుపు అన్నీ మిగతా సగంలోనే గడవాలి. ఆయన కలెక్టరుగా ఉన్న ఏడేళ్లలో శిస్తు ఆదాయం సుమారు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లకు పెరిగింది. ఈ అంకె చూసి కంపెనీ సంతోషించింది. మన్రో మాత్రం 1807లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లేముందు ఇచ్చిన నివేదికలో ఈ భారాన్ని రైతు మోయలేడని, శిస్తులో నాలుగో వంతు తగ్గించి మొత్తం పంటలో మూడో వంతుకు తేవాలని రాశాడు. తన చేతిమీదుగా వేసిన శిస్తే ఎక్కువైందని ఒప్పుకుని తగ్గించమని అడిగిన కలెక్టరు అప్పుడే కాదు, ఎప్పుడైనా అరుదే. స్టైన్ వాదనలో నేను ఒప్పుకోని ఇరవై పాళ్లు ఇవే. ఎత్తుగడ మాత్రమే అయితే తగ్గింపు కోసం పదమూడేళ్లు పట్టుబట్టాల్సిన అవసరం ఉండదు.

మద్రాసు ప్రభుత్వం ఆ మాట వినలేదు. మన్రో ఓడ ఎక్కాక రైత్వారీనే పక్కన పడేసింది. 1808 నుంచి ఊళ్లను మూడేళ్ల కౌలుకు, ఆ తర్వాత పదేళ్ల కౌలుకు గుత్తేదార్లకు ఇచ్చింది. శిస్తు తగ్గలేదు, గుత్తేదార్లు మునిగారు, రైతులు అంతకన్నా లోతుకు మునిగారు.

అప్పుడు సైనికుడు పూర్తి రాజకీయవేత్త అయ్యాడు. మద్రాసు రెవెన్యూ బోర్డుతో గెలవలేనని తెలిసి లండన్‌లో పోరాడాడు. పార్లమెంటు దిగువ సభ కమిటీల ముందు సాక్ష్యం చెప్పాడు. 1812లో వచ్చిన ప్రసిద్ధమైన ఐదో నివేదికలో ఆయన కాగితాలకు పెద్ద చోటు దొరికింది. బెంగాల్ తరహా జమీందారీ వద్దని, రైత్వారీ కావాలని డైరెక్టర్లు తేల్చడానికి ఆయన వాదన ఒక ముఖ్య కారణం. 1813లో కంపెనీ వ్యాపార గుత్తాధిపత్యం మీద చర్చ జరిగినప్పుడు ఇంగ్లండు సరుకు భారతదేశంలో అమ్ముడుపోదని, ఇక్కడి చేతిపని దానికి తీసిపోదని సాక్ష్యమిచ్చాడు. తాను ఏడేళ్లుగా వాడుతున్న భారతీయ శాలువా ఇంకా చెక్కుచెదరలేదని చెప్పాడు. ఈ దేశస్థుల వ్యవసాయం, చేతిపనులు, ప్రతి ఊళ్లోని బడి, ఇంటికొచ్చినవాళ్లను ఆదరించే గుణం చూపించి, నాగరికతను సరుకుగా ఇచ్చిపుచ్చుకుంటే లాభపడేది ఇంగ్లండేనన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. విజేత సైన్యానికి చెందినవాడు విజేతల పార్లమెంటులో ఆ మాట అన్నాడు.

మాట గొప్పది, జోస్యం తప్పింది. పదేళ్లు తిరిగేసరికి బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో ఇంగ్లండు నూలు బట్టల వల్ల నేతగాళ్ల బతుకు దెబ్బతిన్నదని, తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపలేని స్థితిలో ఉన్నారని రాశాడు. సిరిసిల్ల మరమగ్గాల మధ్య బతికినవాళ్లకు ఆ వాక్యం ఎంత బరువుదో వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట పుట్టి రెండు వందల ఏళ్లయినా నేతన్న ఉరితాడు వార్త మా జిల్లాల్లో ఇంకా చదువుతూనే ఉన్నాం.

1814లో మన్రో పెళ్లి చేసుకుని తిరిగి వచ్చాడు. న్యాయ సంస్కరణల కమిషన్‌కు అధిపతి అయ్యాడు. 1816 నాటి నిబంధనలతో గ్రామ మున్సిఫులు, గ్రామ పంచాయితీలు చట్టంలోకి వచ్చాయి. పోలీసు అధికారం జడ్జి చేతి నుంచి కలెక్టరు చేతికి మారింది. రెండో మార్పు మంచిది కాదు. శిస్తు వసూలు చేసేవాడి చేతికే లాఠీ కూడా అందింది. శిస్తు వసూళ్ల కోసం జరిగే చిత్రహింసల మీద మద్రాసు ప్రభుత్వం వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. రైతుల్ని వంగబెట్టి ఎండలో నిలబెట్టడం, వేళ్లు నలపడం వంటివి అందులో బయటపడ్డాయి. మన్రో అధికారాన్ని ఒకే చేతిలో పోసింది పని త్వరగా, సులువుగా జరగాలని. ఆ చేయి మన్రోది కానప్పుడు ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు. సైనికులుగా వచ్చినవాళ్ల పాలనలో తరచు కనిపించే లోపం ఇది. ఒక్క నాయకుడి మీద నమ్మకంతో ఏర్పాటంతా కడతారు.

1817-18 మరాఠా యుద్ధంలో మళ్లీ కత్తి పట్టి, చేతిలో పెద్దగా సైన్యం లేకుండానే బెల్గాం, షోలాపూర్ వంటి చోట్లు గెలిచాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నర్ అయ్యాడు. రైత్వారీని తిరిగి నిలబెట్టాడు. 1807లో అడిగిన శిస్తు తగ్గింపును గవర్నర్‌గా తానే అమలుచేశాడు. గవర్నర్‌గా ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది చదువుల లెక్క. 1822 జూన్ 25న రాసిన మినిట్ (అధికారిక టిప్పణి)తో ప్రతి జిల్లా కలెక్టరునూ ఊరి బడుల లెక్క తీయమన్నాడు. 1826 మార్చి నాటికి తేలింది ఇది: 1 కోటి 28 లక్షల 50 వేల పైచిలుకు జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. ఇళ్లల్లో చదువుకునే పిల్లల్ని కూడా కలుపుకుంటే మగపిల్లల్లో మూడో వంతు దాకా చదువుకుంటున్నారని ఆయన అంచనా. ఈ కాగితాలనే ధరంపాల్ 1983లో ది బ్యూటిఫుల్ ట్రీ పుస్తకంగా వెలికితెచ్చాడు. ఆంగ్లేయులు రాకముందు ఇక్కడ చదువే లేదన్న వాదన అప్పటితో బలహీనపడింది. జిల్లాకు రెండు, తాలూకాకు ఒకటి చొప్పున బడులు పెట్టించాలని మన్రో తలపెట్టాడు. ఆయన పోయాక ఆ పథకం నీరుగారిపోయింది.

1824 డిసెంబరు 31న రాసిన మరో మినిట్‌లో భారతీయులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వాలని, తమ పాలన తాము చేసుకునే శక్తి వాళ్లకు వచ్చిననాడు ఇంగ్లండు తప్పుకోవాలని రాశాడు. అదే మనిషి 1822 ఏప్రిల్‌లో, భారతదేశంలో పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వకూడదని రాశాడు. స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉంటే సిపాయిలకు పాలన పరాయిదన్న సంగతి గుర్తొస్తుందన్నది ఆయన భయం. అభిమానులు మొదటి కాగితాన్నే చూపిస్తారు, విమర్శకులు రెండోదాన్నే. రెండూ ఒకే బుర్రలోంచి వచ్చాయి. ప్రజల్ని ఎదగనివ్వాలి, కానీ ఎప్పుడు ఎదిగారో తేల్చే హక్కు తమదే అన్నది ఆ తరం పాలకుల పరిధి. మన్రో దాన్ని దాటలేదు.

రాజీనామా చేసి, కొత్త గవర్నర్ రాకకోసం ఎదురుచూస్తూ 1827లో దత్త మండలాలకు చివరి పర్యటనకు బయలుదేరాడు. పత్తికొండలో కలరా సోకి జులై 6న పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. శిల్పి చాంట్రీ చేసిన జీను లేని గుర్రం మీది ఆయన విగ్రహం చెన్నైలో 1839 నుంచి నిలబడి ఉంది.

పరిశోధకుల మాటలు కొంచెం చూద్దాం. 1830లో గ్లీగ్ రాసిన జీవిత చరిత్ర ఒక సాధుపురుషుణ్ణి చూపించింది. తర్వాత రమేశ్ చంద్ర దత్ మన్రో ఆశించిన తక్కువ శిస్తుతో తర్వాతివాళ్ల ఎక్కువ శిస్తును పోల్చి, మన్రోను మంచికి కొలమానంగా నిలిపాడు. 1962లో నీలమణి ముఖర్జీ మద్రాసు రైత్వారీ మీద చేసిన పరిశోధన రికార్డుల లోతుకు వెళ్లి, కాగితం మీది రైత్వారీకీ ఊళ్లో జరిగినదానికీ ఉన్న దూరం చూపించింది. ఊరి రెడ్డి, కరణం మంచి నేలలకు తక్కువ శిస్తు రాయించుకోవడం, పేద రైతు మీద మిగతా భారం పడడం ఆ దూరంలో భాగం. స్టైన్ సంగతి పైన చెప్పాను. నా లెక్కలో నీలమణి ముఖర్జీ చెప్పినదే అసలు కీలకం. మధ్యవర్తి చట్టంలో పోయాడు గానీ ఊళ్లో పోలేదు. పాలెగాడి స్థానంలో చిట్టా రాసేవాడు వచ్చాడు. 1876-78 నాటి మహా కరువులో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు అల్లాడిపోయినప్పుడు పట్టా కాగితం ఎవరి కడుపూ నింపలేదు.

ఇప్పుడు మా వైపు రండి. జగిత్యాలలో 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టిందని చెప్పుకునే నక్షత్రాకారపు కోట ఉంది. తెల్ల సైనికుల పరిజ్ఞానం మాకు రాతికోటగా మాత్రమే వచ్చింది, పొలం కొలతగా రాలేదు. మన్రో మద్రాసు గవర్నర్‌గా ఉన్న కాలంలో హైదరాబాదులో పేష్కార్ చందూలాల్ హయాం. శిస్తు వసూలు హక్కు వేలంలో పోయేది. పాట పాడుకున్నవాడు పాడిన సొమ్ముకు మించి ఊళ్ల నుంచి లాగేవాడు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ ఆ గుత్తలను రద్దుచేసి, 1865లో జిలాబందీ తెచ్చి, జిల్లాలకు జీతగాళ్లయిన అధికారులను వేశాడు. మద్రాసు నుంచి బొంబాయికి పాకి అక్కడ మెరుగుపడిన రైత్వారీ సర్వే పద్ధతి 1870ల్లో హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. అలా మన్రో ఆలోచన అర్ధ శతాబ్దం తర్వాత చుట్టుదారిన అప్పటి మా ఎలగందుల జిల్లా చేరింది.

చేరింది గానీ తిరగబడింది. వసూలు హక్కులు పోయిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు రుసుములు పుచ్చుకుంటూనే, సర్వే జరిగినప్పుడు తరతరాలుగా ఇతరులు దున్నుతున్న భూముల్ని తమ పేర రాయించుకున్నారు. లెక్క తెలిసినవాళ్లు వాళ్లే, కొలతలకు వచ్చిన అమీన్ దిగేదీ వాళ్ల గడీలోనే. రాత్రికి రాత్రి రైతు కౌలుదారయ్యాడు, కౌలుదారు వెట్టివాడయ్యాడు. అనంతపురంలో రైతుకు పట్టా ఇచ్చిన పుస్తకమే తెలంగాణలో దొరకు పట్టా ఇచ్చింది. పైగా రాజ్యంలో సుమారు 30 శాతం నేల జాగీర్ల కింద, 10 శాతం నిజాం సొంత సర్ఫేఖాస్ కింద ఉండి ఆ మాత్రం సర్వేకు కూడా సరిగా అందలేదు. 1946-51 సాయుధ పోరాటం, 1949లో జాగీర్ల రద్దు, 1950 కౌల్దారీ చట్టం ఇవన్నీ ఆ తప్పుడు రాతను దిద్దడానికి జరిగినవే.

అయినా పూర్తిగా దిద్దుకోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు ఊళ్ల నుంచి వేలాదిగా కదిలిన రైతు కూలీల డిమాండ్లు గుర్తు చేసుకోండి. వెట్టి మానాలి, దొరలు ఆక్రమించిన ఊరుమ్మడి భూములు వదలాలి, పంచాయితీల పేరుతో వసూలు చేసిన దండుగలు తిరిగివ్వాలి. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మన్రో చనిపోయి 151 ఏళ్లయ్యాక, రైతుకూ రాజ్యానికీ మధ్య దొర ఉండకూడదన్న మాట కోసం మా తాలూకాల్లో జనం జైళ్లకు పోయారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అనంతపురం నుంచి చూసే పరిశోధకుడికి రైత్వారీ రాజ్యం పెట్టిన ఉచ్చుగా కనిపించవచ్చు. జగిత్యాల నుంచి చూసేవాడు అంత తేలిగ్గా దాన్ని తోసిపుచ్చలేడు. మధ్యవర్తి పోని చోట బతుకెలా ఉంటుందో మాకు తెలుసు.

అందుకే నా తీర్పు ఇది. రైత్వారీ అనే ఏర్పాటుకు తనదైన మంచీ చెడూ లేవు. పుస్తకంలో ఎవరి పేరు రాస్తారు, ఎవరి ముందు రాస్తారు, ఎంత శిస్తు రాస్తారు అన్నదాన్ని బట్టే అది వరమో శాపమో అవుతుంది. మన్రో గొప్పదనం ఆయన పద్ధతిలో కన్నా ఆయన గుడారంలో ఉంది. రైతు ఎదుట కూర్చుని రాశాడు, రాసింది ఎక్కువైందని తానే ఒప్పుకున్నాడు. ఆయన వారసులు పుస్తకాన్ని ఉంచుకుని గుడారాన్ని పీకేశారు.

ఇది పాత ముచ్చట కాదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. 2017లో తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. 2018లో పట్టాదారు ఖాతాలోకి నేరుగా సొమ్ము వేసే రైతుబంధు వచ్చింది. 2020లో వీఆర్వోలను తొలగించి భూ రికార్డుల పోర్టల్ ధరణి తెచ్చారు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ప్రతిసారీ చెప్పిన మాట మన్రో మాటే: రైతుకూ ప్రభుత్వానికీ మధ్య ఎవరూ ఉండరు. కానీ రికార్డులో పేరు తప్పు పడితే మేడిపల్లి రైతు ఎవరి ముందు కూర్చుని చెప్పుకోవాలి? తెర మీది తప్పును దిద్దేవాడు ఊరికి రాడు. పట్టా ఒకరిది, నాగలి ఇంకొకరిది అయిన చోట రైతుబంధు పట్టాదారుకే పోయింది, కౌలుదారుకు పైసా రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. చట్టాలున్నా, నేల యజమాని నొచ్చుకుంటాడన్న భయంతో కౌలు రైతు పేరు కాగితం ఎక్కడం లేదు.

మన్రో ద్విశతాబ్ది వర్ధంతి రాబోతోంది. పత్తికొండలో, గుత్తిలో సభలు పెట్టేవాళ్లకు, రెండు రాష్ట్రాల రెవెన్యూ శాఖలకు ఒక్క విన్నపం. విగ్రహానికి పూలదండ వేసినా వేయకపోయినా, ఆ ఏడాది ఒక్క పంట కాలమైనా తహసీల్దార్లను ఊళ్లకు పంపండి. చావడి దగ్గర అందరి ముందు, ఏ చేనును ఎవరు దున్నుతున్నారో ఆ మనిషినే అడిగి, పట్టాదారు పేరు పక్కన సాగుదారు పేరు కూడా రాయించండి.